గ్యూరిమ్ చేతులు

ప్యో ఉన్‌సోల్ మొద్దు పిల్ల కాదు. అర్థమైన లెక్కని తోటివాళ్ళందరి కంటే ముందే చేసి పెన్ను కింద పెట్టేది. తంటా అంతా పుస్తకం ముందు కూర్చోవడం దగ్గరే వచ్చింది.

చదువుదామని కూర్చునేది. బల్ల తుడిచేది. పెన్సిళ్ళు చెక్కేది. రంగు పెన్నులు వరసగా పేర్చేది. బాగా చదవడం ఎలాగో చెప్పే వీడియో ఒకటి చూసి మొదలెడదామని ఫోన్ తీసేది. దాని కింద ఇంకోటి ఉండేది. కోడి కూయకముందే లేచే టాపర్లు, చన్నీళ్ళ స్నానం చేసే టాపర్లు, ఫోన్‌ని డబ్బాలో పెట్టి తాళం వేసుకునే టాపర్లు. వాళ్ళందరినీ పలకరించి వచ్చేసరికి పొద్దు వాలిపోయేది. తెరిచిన పేజీ తెరిచినట్టే ఉండేది.

"వంటల వీడియోలు చూస్తే కడుపు నిండుతుందటే?" అనేది చూ మింగ్యో. హాస్టల్లో ఉన్‌సోల్ గదిలోనే ఉంటుంది. ఇద్దరూ మెకానికల్ వాళ్ళే. మింగ్యో నోరు ఎంత పదునో బుర్రా అంతే పదును. మంచం మీద బోర్లా పడుకుని, సీవీడ్ చిప్స్ నములుతూ చదివినా ఏటా స్కాలర్‌షిప్ వచ్చేది.

రెండో ఏడు చివర ఉన్‌సోల్‌కి కాలేజీ నుంచి హెచ్చరిక వచ్చింది. వచ్చే సెమిస్టర్ కూడా ఇలాగే తగలబెడితే పేరు కొట్టేస్తామన్నారు. ఆ శీతాకాలం సెలవుల్లో ఇంట్లో వాళ్ళ నాన్న అన్నం తింటూ తింటూ చెంచా పక్కన పెట్టి, "ఒంట్లో ఏమైనా బాగోలేదా తల్లీ?" అని ఒక్క ముక్క అడిగాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

మార్చిలో కాలేజీ ఉన్న జింజుకి తిరిగొచ్చిన రోజునే మింగ్యో ఒక దారి చూపించింది.

"ఇదివరకు మా ల్యాబ్‌లో పనిచేసిన సీనియర్ ఒకడున్నాడు. తాక్ గ్యూరిమ్ అని. సైన్యంలో తప్పనిసరి కొలువు చేసి తిరిగొచ్చి ఇప్పుడు మనలాగే మూడో ఏడు, వేరే సెక్షన్‌లో చదువుతున్నాడు. కంప్యూటర్లో ఒక గది తెరిచాడు. అందులో మాటల్లేవు, మొహాల్లేవు. బల్ల మీదకి కెమెరా దించి చేతులు కనబడేలా పెట్టుకుని చదువుకోవడమే. పైకి లేచావంటే అందరికీ తెలిసిపోతుంది. సిగ్గుతోనైనా కూర్చుంటావు."

"నువ్వూ ఉంటావా?"

"నీకోసం ఉంటాలే. నా చిప్స్ కూడా కనబడతాయి, చూసి ఏడువు."

అలా ఆ గదిలో ముగ్గురయ్యారు. తెర మీద మూడు గళ్ళు. ఒక గడిలో మింగ్యో పొట్టి వేళ్ళు, చిప్స్ పొట్లం. ఒక గడిలో ఉన్‌సోల్ చేతులు. పై గడిలో గ్యూరిమ్ చేతులు.

పొడుగాటి వేళ్ళు. కుడి బొటనవేలి మీద ఎప్పుడో వెల్డింగ్ క్లాసులో కాలిన తెల్లటి మచ్చ. స్కేలు లేకుండానే లెక్కలోని దూలం బొమ్మ గీసేవాడు, అది దారం లాగినట్టు వచ్చేది. తొందర ఉండేది కాదు. తప్పు వస్తే ఒక్క అడ్డగీత కొట్టి పక్కన మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ చేతుల్ని చూస్తుంటే, పిచ్చిగా దడదడలాడే ఉన్‌సోల్ మనసు కుదుటపడేది. అవి పేజీ తిప్పితే తనూ తిప్పేది. అవి కప్పు ఎత్తితే తనకీ దాహం వేసేది. మొదటివారం భుజాలు పుండులా సలిపాయి. తర్వాత తర్వాత, కూర్చోవడం అలవాటయింది. ఫోన్ సంగతే గుర్తొచ్చేది కాదు.

ఒకరోజు క్యాంటీన్లో సోయా పులుసు గిన్నె ముందు తలొంచుకుని తింటున్న ఒకతన్ని చూసి ఉన్‌సోల్ చటుక్కున ఆగిపోయింది. ముందు చేతుల్ని గుర్తుపట్టింది. తర్వాతే మొహం చూసింది. అలసిన మొహం, మెతకగా నవ్వే కళ్ళు.

"కింద గడి నువ్వేనా?" అన్నాడు గ్యూరిమ్. "పెన్ను మరీ గట్టిగా పట్టుకుంటావు. పరీక్ష సగంలో చెయ్యి పట్టేస్తుంది. కొంచెం వదులు చెయ్యి."

తన చేతుల్ని కూడా ఇంకొకరు చూస్తున్నారని ఆ క్షణం దాకా ఉన్‌సోల్‌కి తోచలేదు. ఆ రోజంతా ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఏప్రిల్ చివర మధ్య పరీక్షలయ్యాయి. కిందటేడు ముప్పుతిప్పలు పెట్టిన దూలాల లెక్కలు ఈసారి చేతికి లొంగాయి. మార్కులు చూసుకుని ఉన్‌సోల్ మింగ్యోని కావిలించుకుని గెంతింది. ఆ వార్త గ్యూరిమ్‌కి చెబుదామని గది తెరిస్తే పై గడి నల్లగా ఉంది. మర్నాడూ నల్లగానే ఉంది.

ఆ నల్లటి గడి కింద కూర్చుంటే ఉన్‌సోల్ వేళ్ళు మళ్ళీ పాత దారి పట్టాయి. ఫోన్ తీసింది. భయమేసింది. గ్యూరిమ్‌కి మెసేజ్ పెట్టింది. "అన్నా, ఏమైపోయావు? నువ్వు లేకపోతే ఈ గదికి ప్రాణమే లేదు. నాకు ఒక్క లెక్క కూడా సాగడం లేదు. నా పేరు కొట్టేస్తే ఆ పాపం నీదే." చివరి మాట నవ్వులాటకే రాసింది. మింగ్యో కూడా ఏడుపు బొమ్మలు పెట్టింది.

చాలాసేపటికి జవాబొచ్చింది. "జ్వరం. రేపొస్తాను."

అన్నట్టే మర్నాడు పై గడి వెలిగింది. బూడిదరంగు పొడుగు చేతుల చొక్కా, ఎండ పడిన బల్ల, అవే వేళ్ళు. ఆ తర్వాత గ్యూరిమ్ మళ్ళీ ఎన్నడూ గది మానలేదు. పగటిపూట వాళ్ళు ఎప్పుడు తెరిచినా ఆ చేతులు ముందే వచ్చి కూర్చుని ఉండేవి.

"మనిషా, రాక్షసుడా?" అనేది మింగ్యో. క్యాంటీన్లో మాత్రం అతను మళ్ళీ తగల్లేదు. తినడానికి కూడా లేవడం లేదేమోనని ఉన్‌సోల్ మెచ్చుకుంది.

*

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం జింజు మీద వాన విరుచుకుపడింది. పట్టపగలే వీధిదీపాలు వెలిగాయి. హాస్టల్ కిటికీ అద్దం మీద నీళ్ళు ధారకట్టి అవతల ఏమీ కనబడటం లేదు. మింగ్యో ల్యాబ్‌కి వెళ్ళింది. ఉన్‌సోల్ దీపం వేసుకుని, గది తెరిచి, తల దించి లెక్క మొదలుపెట్టింది. ఒక మెరుపు మెరిస్తే ఉలిక్కిపడి తల ఎత్తింది.

పై గడిలో ఎండ కాస్తోంది.

గ్యూరిమ్ బల్ల మీద, తెరిచిన పుస్తకం మీద, బూడిదరంగు చొక్కా ముంజేతి మీద ఏటవాలుగా పచ్చటి ఎండ. అతనుండేది కాలేజీ వెనక గేటు అవతలే. హాస్టల్ డాబా మీద నుంచి చూస్తే ఆ ఇళ్ళు కనబడతాయి.

దీపం అనుకుందామంటే దీపం వెలుతురు అలా ఉండదు. ఆ ఎండలో కిటికీ చువ్వల నీడ కూడా ఉంది.

ఉన్‌సోల్ ఫోన్ తీసింది. "అన్నా, మీ వైపు వాన లేదా?"

తెర మీద కుడిచెయ్యి రాస్తోంది. ఎడమచెయ్యి పేజీ అంచుని అదిమి పట్టుకుంది. రెండూ బల్ల మీదే ఉన్నాయి. ఉన్‌సోల్ చేతిలో ఫోన్ గుర్రుమంది.

"ఉంది."

ఆ రెండు చేతులూ బల్ల మీద నుంచి కదల్లేదు. ఉన్‌సోల్‌కి మెడ వెనక ఎవరో చల్లటి గుడ్డ వేసినట్టయింది.

"ఏం చేస్తున్నావన్నా?"

తెర మీద పెన్ను ఒక దూలం గీసింది. దాని మీద బాణం గుర్తు పెట్టింది. ఫోన్ మళ్ళీ గుర్రుమంది.

"చదువుకుంటున్నాను."

పెన్ను వేళ్ళ మధ్య నుంచి జారింది. బల్ల అంచు దాటబోతుంటే ఎడమచెయ్యి చప్పున అందుకుంది. ఎక్కడి నుంచో సన్నగా నవ్విన చప్పుడు. ఈ పెన్ను జారడం, ఈ అందుకోవడం, ఈ నవ్వు ఇంతకుముందు కూడా చూశానని ఉన్‌సోల్‌కి అప్పుడు తట్టింది. ఒకసారి కాదు, చాలాసార్లు. మంచి ఒడుపైన మనిషి అనుకుని తనూ నవ్వుకునేది.

పుస్తకం మూసి తెరనే చూస్తూ కూర్చుంది. ఎండ బల్ల మీద మెల్లమెల్లగా జరిగింది. చువ్వల నీడ కప్పు దాకా పాకింది. చేతులు పేజీలు తిప్పుతూనే ఉన్నాయి. అంతలో ఎండ ఒక్క గెంతులో వెనక్కి మొదటి చోటికి వెళ్ళిపోయింది. నిండుగా ఉన్న పేజీ తెల్లబడింది. చేతులు మళ్ళీ మొదటి దూలం గీయడం మొదలుపెట్టాయి.

మింగ్యో తడిసి ముద్దయి వచ్చేసరికి ఉన్‌సోల్ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏమే, దయ్యాన్ని చూసినట్టున్నావు?"

ఉన్‌సోల్ తెర చూపించింది. మింగ్యో మొదట నవ్వింది. "ఓస్, వీడియో పెట్టి బయట తిరుగుతున్నాడన్నమాట. మహానుభావుడు!" తల తుడుచుకుంటూ చూసింది. ఎండ గెంతింది. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

"ఎప్పట్నుంచి ఇది?"

"తెలీదు. ఆ చొక్కా చూడు. ఇంత ఉక్కలో ఎవరేసుకుంటారు? నేనెప్పుడూ ఆలోచించలేదు."

"మరి ఇన్నాళ్ళూ మనం ఎవరి పక్కన కూర్చుని చదివామే?" అంది మింగ్యో. 

మర్నాడు ల్యాబ్‌లో అడిగితే గ్యూరిమ్‌తోపాటు చదివే అతను తల కూడా ఎత్తకుండా చెప్పాడు. "వాడా? మధ్య పరీక్షకి వచ్చి ఖాళీ కాగితం ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రాలేదు. ఊరెళ్ళిపోయి ఉంటాడు."

"నువ్వు వెళ్ళి చూడు," అంది మింగ్యో, మొహం తిప్పుకుని. "నేను రాలేను. నాకు భయంగా ఉంది." ఆ మాట మింగ్యో నోట ఉన్‌సోల్ అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

*

ఒంట్లో బాగోలేనివాళ్ళ దగ్గరకి ఉత్త చేతులతో వెళ్ళకూడదని ఉన్‌సోల్ గుమ్మడికాయ జావ ఒకటి కట్టించుకుంది. వెనక గేటు అవతల లాండ్రీ కొట్టు పైన అద్దె గదులు. మెట్ల మీద సబ్బునురుగు వాసన. మూడో అంతస్తులో తలుపు కొడితే లోపల అలికిడి లేదు. మళ్ళీ కొట్టింది.

"నేనన్నా. కింద గడి."

తాళం తిరిగింది.

గ్యూరిమ్ గుర్తుపట్టడానికి వీల్లేకుండా ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. జుట్టు కళ్ళ మీద పడుతోంది. పగలే తెరలు దించేసి ఉన్నాయి. గదిలో ఉన్న వెలుతురంతా నేల మీద పెట్టిన ల్యాప్‌టాప్ కంప్యూటర్ లోంచే వస్తోంది. అందులో ఎండ. ఆ ఎండలో అతని చేతులు రాస్తున్నాయి. దానికి ఎదురుగా పరిచిన పరుపు మనిషి ఆకారంలో గుంటపడి ఉంది.

కిటికీ పక్కన బల్ల. పుస్తకం అదే పేజీ దగ్గర తెరిచి ఉంది. కప్పు అక్కడే ఉంది. కప్పు మీదా, పేజీ మీదా, పెన్ను మీదా సన్నటి దుమ్ము పేరుకుంది.

జావ ఎక్కడ పెట్టాలో తెలియక ఉన్‌సోల్ బల్ల వైపు చెయ్యి చాపింది.

"అక్కడ పెట్టకు," అన్నాడు గ్యూరిమ్ గబుక్కున. "అది వాడి చోటు."

"ఎవరిదన్నా?"

అతను తెర వైపు గడ్డం చూపించాడు. "వాడిది. బాగా చదువుతాడు కదూ?"

ఉన్‌సోల్ జావ పక్కన పెట్టుకుని పరుపు అంచున కూర్చుంది. అతనూ కూర్చున్నాడు. నెమ్మదిగా, చాలాకాలం మాట్లాడని మనిషి మాటలు వెతుక్కున్నట్టు చెప్పాడు.

సైన్యం నుంచి వచ్చాక పుస్తకం మీద మనసు నిలిచేది కాదు. బరాక్‌లో ఎవరో ఒకరు ఎప్పుడూ చూస్తూనే ఉండేవారు. ఇక్కడ ఒక్కడే. అందుకే కెమెరా పెట్టి గది తెరిచాడు. అవతల ఇద్దరు చూస్తున్నారని తెలిస్తే చెయ్యి ఆగేది కాదు. ఎంత బాగా సాగిందంటే, తను చదవడం తనే చూసుకోవాలనిపించి ఒకరోజంతా రికార్డు చేసుకున్నాడు.

"తర్వాత పరీక్ష హాల్లో కూర్చున్నాను. ప్రశ్నలన్నీ వచ్చినవే. పెన్ను పట్టుకున్నాను. చెయ్యి కదల్లేదు. పైకి చూశాను. కెమెరా లేదు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. నా చెయ్యిని ఎవరూ చూడటం లేదు. నేను చూస్తూ కూర్చున్నాను. అది చచ్చిన చేపలా పడి ఉంది. గంట కొట్టారు."

"మరి జ్వరం అన్నావు?"

"ఇంటికొచ్చి పడుకున్నాను. నువ్వు మెసేజ్ పెట్టావు. పాపం నీదే అన్నావు. కూర్చుందామని చూశాను, నావల్ల కాలేదు. అందుకని వాణ్ణి కూర్చోబెట్టాను. మీరిద్దరూ సంతోషించారు. వాడికి నీరసం లేదు, ఆకలి లేదు. నేనెందుకు ఇంక?"

ఆ చివరి మాట అతను మామూలుగానే అన్నాడు, వాన తగ్గింది అన్నంత తేలిగ్గా.

ఉన్‌సోల్‌కి ఏడవాలనిపించింది. ఓదార్చాలనిపించింది. కానీ ఆమె నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"అన్నా, వచ్చేవారం నా పరీక్షలు. అవి అయ్యేదాకా... దీన్ని ఆపకు."

అన్నాక తన మాట తన చెవినపడి బిగుసుకుపోయింది. గ్యూరిమ్ మాత్రం నొచ్చుకోలేదు. బుద్ధిగా తల ఊపాడు. "ఆపనులే. నువ్వు చదువుకో."

ఆమె చెప్పులేసుకుని మెట్లు దిగింది. సగం దిగాక పైనుంచి, సరిగ్గా మూయని తలుపు సందులోంచి, పెన్ను జారిన చప్పుడు వినబడింది. ఆ వెంటనే ఆ నవ్వు. ఎండలో కూర్చుని, పెన్ను అందుకున్నందుకు తనలో తను మురిసిపోయిన మనిషి నవ్వు. అదే గదిలో నేల మీద ఫోన్ మోగుతోంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఎత్తేవాళ్ళు లేరు.

ఉన్‌సోల్ వెనక్కి తిరిగి మెట్లెక్కింది. తలుపు తోసుకుని వెళ్ళి పరుపు పక్కన మోగుతున్న ఫోన్ తీసింది. 'అక్క' అని ఉంది. గ్యూరిమ్ వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఒరేయ్ సన్నాసీ, చచ్చావా బతికున్నావా?" అంది అవతల గొంతు. "చదువుకుంటున్నాను, చదువుకుంటున్నాను అని మెసేజ్‌లు పెట్టడం కాదు, గొంతు వినిపించరా!"

"అక్కా, నేను మీ తమ్ముడి కాలేజీలో చదువుతున్నాను," అంది ఉన్‌సోల్. "మీరు ఒకసారి రావాలి. ఇప్పుడే రావాలి."

"వస్తున్నా. నువ్వు అక్కడే ఉండమ్మా. వాణ్ణి ఒంటరిగా వదలకు," అంది.

గ్యూరిమ్ సొంతూరు తోంగ్యోంగ్ నుంచి ఆమె రావడానికి సమయం పడుతుంది. అంతసేపు ఏం మాట్లాడాలో ఉన్‌సోల్‌కి తోచలేదు. లేచి తెరలు తీసింది. బల్ల దగ్గరకెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"లే అక్కణ్ణుంచి!" గ్యూరిమ్ అరిచాడు. అతనికి అంత గొంతుందని ఆమెకి తెలియదు.

"నువ్వు కూర్చోవు కదా. నాకు చోటు కావాలి." ఉన్‌సోల్ అరచేత్తో పేజీ మీది దుమ్ము తుడిచింది. తన సంచిలోంచి కాగితం తీసి, పుస్తకంలో ఉన్న లెక్క మొదలుపెట్టింది. దూలం వంకరగా వచ్చింది.  లెక్క సగంలో ఉండగా వీపు వెనక ఊపిరి వినబడింది.

"అక్కడ మైనస్ రావాలి," అన్నాడు గ్యూరిమ్.

"ఎక్కడ?"

"మూడో వరసలో. బరువు కిందకి కదా."

"చూపించు." ఆమె పెన్ను వెనక్కి చాపింది.

అతను రెండు చేతులూ వీపు వెనక్కి లాక్కున్నాడు, నిప్పు చూపించినట్టు. కానీ అక్కడే నిలబడ్డాడు. అక్క వచ్చేదాకా, నోటితోనే, మైనస్సులూ ప్లస్సులూ చెబుతూ నిలబడ్డాడు.

అక్క, తాక్ సోహ్యాంగ్, రబ్బరు బూట్లతోనే వచ్చింది. ఆమె వెంట ఉప్పునీటి వాసన గదంతా నిండింది. తమ్ముణ్ణి చూసింది. తిట్టబోయి తిట్టలేక, అతని జుట్టు పట్టుకుని తలని తన భుజానికి అదుముకుంది. "అన్నం తినకుండా ఏం చదువురా ఇది, దిక్కుమాలినోడా, ఏం చదువురా!" అంటూనే ఉంది. తర్వాత నేల మీది కంప్యూటర్ని చూసింది. అందులో రాస్తున్న చేతుల్ని చూసింది. తమ్ముడి వేలాడుతున్న చేతుల్ని చూసింది. ఏమీ అడగకుండా వైరు పట్టి ఒక్క గుంజు గుంజి, మూత మూసింది.

చెంప మీద కొట్టినట్టు గ్యూరిమ్ మొహం పక్కకి తిరిగింది.

*

పరీక్ష దాకా ఉన్‌సోల్ లైబ్రరీలో, మనుషుల మధ్య కూర్చుని చదివింది. సాగింది తక్కువ, తడబడింది ఎక్కువ. కళ్ళు అస్తమానం పైకి, లేని గడి వైపు వెళ్ళేవి.

పరీక్ష హాల్లో కాగితం ముందుకొచ్చింది. దూలాల లెక్క, వచ్చినదే. పెన్ను పట్టుకుంది. చెయ్యి కదల్లేదు. తెల్లటి కాగితం మీద తన చెయ్యి తెర మీద ఎవరిదో చెయ్యిలా కనబడింది.  'నాకూ అదే పట్టుకుంది' అనుకుంది. ఎంతసేపు అలా గడిచిందో ఆమెకి తెలియదు.

ముందు వరసలో ఒక కుర్రాడు కాలు ఆడిస్తున్నాడు. వాడి కుర్చీ ఆమె బల్లకి తగిలి బల్లంతా టకటకలాడుతోంది. ఆ టకటకకి పెన్ను మొన కాగితం మీద తనంతట తానే ఒక పిచ్చి గీత గీసింది. ఉన్‌సోల్‌కి ఒళ్ళు మండింది. 'నీ కాలు విరగ' అని లోపల తిట్టుకుంటూ ఆ గీతని కొట్టేసింది. కొట్టేయడానికి చెయ్యి కదిలింది. కదిలిన చెయ్యిని ఆగనివ్వకుండా పక్కన దూలం గీసేసింది.

గట్టెక్కింది. గొప్ప మార్కులేమీ కావు, కానీ హెచ్చరిక ఎత్తేశారు. మింగ్యోకి యథాప్రకారం స్కాలర్‌షిప్ వచ్చింది.

"నీకు ఎవడి చేతులూ అక్కర్లేదని నేను చెప్పానా లేదా?" అంది మింగ్యో.

"చెప్పలేదు."

"అయితే ఇప్పుడు చెబుతున్నా." అని చిప్స్ పొట్లం ఆమె ఒళ్ళోకి విసిరింది.

సెలవులివ్వగానే ఉన్‌సోల్ సోహ్యాంగ్‌కి ఫోన్ చేసింది. తింటున్నాడు, నిద్రపోతున్నాడు, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం అంది ఆమె. కాలేజీకి ఏడాది సెలవు పెట్టించారు. ఆల్చిప్పల షెడ్డులో అమ్మతోపాటు కూర్చోబెడుతున్నారు. ఆల్చిప్పల పిల్లలు అంటుకుని పెరగడానికి సముద్రంలో వేలాడదీసే ఖాళీ చిప్పల్ని తీగకి గుచ్చే పని.

"బాగానే గుచ్చుతాడు," అంది సోహ్యాంగ్. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్కటే నాకు పాలుపోవడం లేదమ్మా. అమ్మ ఎదురుగా ఉన్నంతసేపే. లేచి వెళ్ళిందంటే చేతులు ఆగిపోతాయి. తిరిగొచ్చేదాకా అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. నువ్వొకసారి రాకూడదూ?"

వెళ్ళింది. షెడ్డు సముద్రం ఒడ్డునే ఉంది. రేకుల కప్పు కింద చిప్పల గుట్టలు, వాటి చుట్టూ పూల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు. ఎవరి కోడలు ఎవరిని ఏమందో గట్టిగా చెప్పుకుంటున్నారు. గ్యూరిమ్ తల్లి, పొట్టి మనిషి, ఉన్‌సోల్ చేతిలో ఒక తీగ పెట్టి, "కూర్చో తల్లీ, నోటితోపాటు చేతులు కూడా ఆడించు," అంది.

ఉన్‌సోల్ గ్యూరిమ్‌కి ఎదురుగా కూర్చుంది. అతని బుగ్గలు కొంచెం నిండాయి. ఎండకి మొహం నల్లబడింది. ఆ వేళ్ళు చిప్పని ఎత్తి, చిల్లు వెతికి, తీగకి గుచ్చి కిందకి జార్చేవి. టక్ మనేది.

"ఇప్పటికీ గట్టిగానే పట్టుకుంటున్నావు," అన్నాడతను, ఆమె చేతులు చూసి.

"అలవాటు పోలేదన్నా."

మధ్యాహ్నం అన్నాలకి ఆడవాళ్ళంతా లేచారు. తల్లి కూడా లేచింది. షెడ్డులో ఇద్దరే మిగిలారు. ఉన్‌సోల్ నీళ్ళు తాగుతానని లేచి గుమ్మం దాకా వెళ్ళి, స్తంభం చాటున నిలబడి వెనక్కి చూసింది.

గ్యూరిమ్ చేతులు ఆగిపోయి ఉన్నాయి. ఒళ్ళో వెల్లకిలా, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు. అతను వాటినే చూస్తున్నాడు. ఆమె కూడా చూసింది. చూస్తూ చూస్తూ ఉంటే ఒక సంగతి తట్టింది. తను చాటు నుంచి చూసినా అది చూడటమే. ఆ చేతులు ఇప్పుడు కదిలినా, అవి వాటంతట అవే కదిలాయని తనకి ఎలా తెలుస్తుంది?

స్తంభం వదిలేసింది. సముద్రం వైపు తిరిగింది. గట్టు దాకా నడిచి వెళ్ళి, షెడ్డుకి వీపు పెట్టి కూర్చుంది. నీళ్ళ మీద చిప్పల తీగల్ని మోసే నల్లటి బంతులు వరసలు వరసలుగా ఊగుతున్నాయి. పడవ ఒకటి ఇంజను ఆపుకుని ఒడ్డుకి జారుతోంది. తల వెనక్కి తిప్పాలని మెడ నరాలు లాగేశాయి. తిప్పలేదు.

చాలాసేపు అలలు గట్టుని తడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు, వెనక, చిప్ప మీద చిప్ప పడినట్టు టక్ మంది.

ఆ తర్వాత ఇంకొకటి వినబడుతుందేమోనని ఉన్‌సోల్ కదలకుండా కూర్చుంది.